సొంతవాళ్ళ రక్తం

నాకు ముక్కు మీదే కోపం. తెనాలిలో మా ల్యాబుకి వచ్చిపోయే డాక్టర్లకీ, లోపల పనిచేసే టెక్నీషియన్లకీ, చివరికి ఎదురుగా టీ కొట్టాయనకీ ఈ సంగతి తెలుసు. నేను రెండోసారి టీ అడిగితే చక్కెర కాస్త ఎక్కువ వేసి పంపిస్తాడు. "మిషన్ ఉందిగా మేడం, రక్తం పోస్తే రిపోర్టు అదే వచ్చేస్తుందిగా, మధ్యలో మీరెందుకు?" అని నా మొహం మీదే అడిగిన మహానుభావులున్నారు. అలాంటివాళ్ళని లోపలికి పిలిచి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టేదాన్ని. "చూడండి, ఇందులో చచ్చేవాడెవడో బతికేవాడెవడో మీరే చెప్పండి," అనేదాన్ని. పాపం, ఒక్క నిమిషంలో లేచిపోయేవారు.

నేను బాపట్లలో పుట్టాను. మా నాన్న మిషన్ స్కూల్లో గుమాస్తా. ఆదివారం చర్చి, మిగిలిన ఆరు రోజులూ చదువు, అంతే మా ఇల్లు. గుంటూరులో డాక్టరు చదువు అయ్యాక అమ్మ నన్ను కాన్పుల డాక్టరుగా చూడాలనుకుంది. నేను రక్తం జబ్బులు చదవడానికి తమిళదేశం పోతానంటే నెత్తీ నోరూ కొట్టుకుంది. "రక్తానికి ప్రత్యేకంగా డాక్టరేంటే? ఎవరొస్తారే నీ దగ్గరికి?" అని. అమ్మ అన్నది కొంతవరకు నిజమే. నా దగ్గరికి మనుషులు రారు, వాళ్ళ రక్తం వస్తుంది. పొద్దున రేపల్లె ప్యాసింజర్లో ఒక ఐసు డబ్బా, బాపట్ల నుంచి ఇంకో ఐసు డబ్బా. ఆ రెండూళ్ళలో మాకు రక్తం తీసే సెంటర్లున్నాయి. కింది అంతస్తులో ల్యాబు, పై అంతస్తులో బ్లడ్ బ్యాంకు. రెండింటికీ పెద్దదాన్ని నేనే.

ఈ ఉద్యోగంలో నాకు నచ్చనిది ఒకటుంది. మనిషి కంటే ముందు నాకు తెలుస్తుంది. ఒకసారి పెళ్ళి భోజనంలో పెళ్ళికొడుకు తండ్రి స్వయంగా వచ్చి "ఇంకొంచెం వేసుకోండి మేడం" అని గారెలు వడ్డించాడు. ఆయన స్లైడు ఆ మధ్యాహ్నమే చూశాను. రిపోర్టు కింద నా సంతకం కూడా ఇంకా ఆరలేదు. ఆయన నవ్వుతూ విస్తరి మీదకి వంగితే నేను ఆయన మెడలో గడ్డలున్నాయేమోనని చూస్తున్నాను. గారె విస్తరిలోనే వదిలేసి లేచాను. అప్పటినుంచీ పెళ్ళిళ్ళకి వెళ్ళడం తగ్గించేశాను. మార్కెట్టుకి కూడా తెలిసిన మొహాలు తక్కువగా ఉండే వేళ చూసుకుని వెళ్తాను.

అయినా క్యాన్సరు నన్ను భయపెట్టదు. అది కనిపిస్తుంది, దానికొక పేరుంటుంది, ఈ రోజుల్లో మందులు కూడా ఉన్నాయి. నన్ను నిజంగా భయపెట్టేది వేరే ఉంది. చదువుకునే రోజుల్లో దాన్ని ఒక్కసారే చూశాను. ఆ ఒక్కసారీ చాలు.

సొంతవాళ్ళ రక్తం సొంతవాళ్ళకి ఎక్కించకూడదు. జనం దీన్ని నమ్మరు. నమ్మకపోగా నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తారు. ఎక్కించే రక్తంలో కొన్ని తెల్లకణాలు బతికే ఉంటాయి. పరాయివాళ్ళవైతే మన ఒళ్ళు వాటిని వెంటనే కనిపెట్టి చంపేస్తుంది, పీడా పోతుంది. కన్నబిడ్డవో తోడబుట్టినవాళ్ళవో అయితే ఒక్కోసారి అవి అచ్చం మనవాటిలాగే కనిపిస్తాయి. ఒళ్ళు వాటి జోలికి పోదు. కానీ వాటిలో లేనివి ఈ ఒంట్లో ఇంకా ఉంటాయి కాబట్టి వాటికి ఈ ఒళ్ళు పరాయిది. అవి పెరిగి పెరిగి ముందు చర్మం మీద పడతాయి, తర్వాత పేగుల మీద, కాలేయం మీద. చివరికి ఎముకల్లో రక్తం పుట్టే మూలుగనే తినేస్తాయి. వారం పదిరోజుల దాకా ఏమీ తెలియదు. తెలిశాక చేసేదేమీ ఉండదు. లక్షమందిలో ఒకరికి వస్తుందో లేదో. కానీ మేనరికాలు తరతరాలుగా నడిచిన కుటుంబాల్లో ఆ లెక్క మారిపోతుంది. అందరి రక్తమూ ఒకే పోలికతో ఉంటుంది కదా. రక్తానికి ముందుగా రేడియేషన్ పెట్టే మిషన్ ఉంటే ఈ భయం ఉండదు. ఆ మిషన్ పెద్ద ఊళ్ళలో ఉంది, తెనాలిలో లేదు.

అందుకని మా బ్లడ్ బ్యాంకులో నేనొక పద్ధతి పెట్టాను. చుట్టాలు రక్తం ఇవ్వొచ్చు, కానీ అది వేరే ఎవరికో వెళ్తుంది. వాళ్ళ మనిషికి ముక్కూ మొహం తెలియనివాళ్ళది ఎక్కుతుంది. దీని మీద నేను పడిన తగాదాలు అన్నీ ఇన్నీ కావు. "మా నాన్నకి మేం ఇస్తామంటే ఎవరిదో ఎక్కిస్తారేంటండి?" అని ఒకరు, "ఏ అలవాట్లున్నోడిదో, ఏ కులపోడిదో" అని ఇంకొకరు. కులం మాట వినగానే నాకు ఒళ్ళు మండేది. "సీసాలో కులం కనిపిస్తే నాకూ చూపించు నాయనా, ఇన్నేళ్ళనుంచీ వెతుకుతున్నా," అని అరిచేదాన్ని. అరిస్తే వెళ్ళిపోయేవారు. కానీ ఒప్పుకునేవారు కాదు. మనవాళ్ళ రక్తం మంచిది, పరాయి రక్తం ప్రమాదం అనేది ఈ నేలలో ఎంత లోతుకి దిగిందో నాకంటే బాగా ఎవరికీ తెలియదు.

రేపల్లెలో ఒక మాస్టారుండేవారు. మిషన్ స్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు, చర్చిలో సంఘపెద్ద. షుగరు పరీక్షకి మా రేపల్లె సెంటరుకి వచ్చేవారు. వచ్చిన ప్రతిసారీ నాకు ఫోను. "డాక్టరమ్మా, మీ షుగరు లెక్క సరిగ్గానే ఉంది గానీ, మీ బోర్డు మీద 'పరీక్ష'లో క కింద ష ఒత్తు పోయింది. షుగరుకంటే అదే నన్ను ముందు చంపేట్టుంది," అనేవారు. బోర్డు మార్పించేదాకా వదల్లేదు. నాతో అలా పరాచికాలాడే ధైర్యం ఈ చుట్టుపక్కల ఆయనకొక్కరికే ఉండేది. చెప్పొద్దూ, ఆ ఫోను కోసం నేను కూడా ఎదురుచూసేదాన్ని.

వానాకాలం చివర్లో ఆయన చర్చి మెట్ల మీద జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. తెనాలిలో ఒక నర్సింగ్ హోములో ఆపరేషన్ అన్నారు. ఆయనది ఓ నెగిటివ్. మామూలుగా దొరికే గ్రూపు కాదు. మా దగ్గర ఉన్న ఒక్క సీసా ఇచ్చేశాం. ఇంకొకటి చేతిలో లేకపోతే కత్తి పట్టుకోనని సర్జన్ భీష్మించుకున్నాడు. ఆయన భయం ఆయనది. మాస్టారి సంఘంలో కబురు పాకింది. చర్చిల వాట్సాప్ గ్రూపుల్లో రేపల్లె నుంచి చెరుకుపల్లి దాకా, ఇటు బాపట్ల దాకా మెసేజీలు వెళ్ళాయి.

ఆ రోజు ఒకావిడ వచ్చింది. మెట్లెక్కుతుంటే నేనూ చూశాను. ముప్పై అయిదేళ్ళుంటాయేమో, నీలం నేత చీర, భుజాన సంచీ. మా టెక్నీషియన్ అందరినీ అడిగినట్టే అడిగింది. "పేషెంటుకి మీరేమవుతారండి?" ఆవిడ తడుముకోలేదు. "ఆయన మా సంఘపెద్దండి. చర్చి నుంచి వచ్చాను." మా సంఘాల్లో అది వింత కాదు. పెద్దాయనకి బాగాలేదంటే ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా బస్సెక్కి వస్తారు, అందరూ ఒకరికొకరు బ్రదరూ సిస్టరే. ఇంటిపేరు చూస్తే వేరే. పెళ్ళయినావిడ కదా, అత్తింటి పేరే రాసుకుంటుంది. గ్రూపు చూస్తే ఓ నెగిటివ్. టెక్నీషియన్ సంతోషం పట్టలేక కింద ఉన్న నాకు ఫోన్ చేసి చెప్పింది. పరీక్షలన్నీ అయి, సాయంత్రానికల్లా ఆ సీసా తాజాగా నర్సింగ్ హోముకి చేరింది. మర్నాడు మాస్టారి ఆపరేషన్ దివ్యంగా జరిగింది. రెండు సీసాలూ ఎక్కించారు. నాలుగో రోజుకి ఆయన్ని ఇంటికి పంపేశారు.

తర్వాత ఒక మధ్యాహ్నం ఆవిడే సున్నుండల డబ్బాతో నా గదిలోకి వచ్చింది.

"మేడంగారూ, మీరు తిట్టనంటే ఒక మాట చెప్తానండి."

"తిట్టననే హామీ నేనెవరికీ ఇవ్వనమ్మా. చెప్పు."

ఆవిడ ముసిముసిగా నవ్వింది. "ఆ రోజు చర్చి నుంచి వచ్చానని చెప్పింది నేనేనండి. నేను మాస్టారి పెద్దమ్మాయిని. చెరుకుపల్లిలో టీచర్నండి. చుట్టాలది ఎక్కించనివ్వరని మాకు ముందే తెలుసండి. మా అమ్మేమో, నాన్నకి వేరేవాళ్ళది పడుద్దో పడదోనని ఒకటే ఏడుపు. అందుకని అబద్ధం ఆడానండి. దేవుడు క్షమిస్తాడులెండి. చూశారుగా, నాన్న ఎంత చక్కగా కోలుకున్నాడో!"

డబ్బా మూత తీసి ఒక సున్నుండ నా చేతిలో పెట్టింది. అది అలాగే పట్టుకుని, "మీ అమ్మా నాన్నా దగ్గరి చుట్టాలా?" అన్నాను.

"మేనరికమేనండి. మా నాన్నకి మా అమ్మ సొంత మేనమామ కూతురు. మా తాతా నాయనమ్మా కూడా అంతేనండి. మాలో బయటి సంబంధాలు తక్కువండి. నేనంటే ముమ్మూర్తులా నాన్నే అంటారు అందరూ." ఆ చివరి మాట ఎంత గర్వంగా చెప్పిందో! చూడగానే నాకెందుకు తట్టలేదో, అదే నుదురు, అదే ముక్కు.

నేను తిట్టలేదు. ఆవిడే ఆశ్చర్యపోయింది. "తిట్టలేదేంటండి?" అంది. "నాన్నకి జ్వరం గానీ వస్తే వెంటనే నాకు ఫోన్ చెయ్యి. మందుల షాపుకి పోవద్దు, ముందు నాకు చెయ్యి," అన్నాను. సరేనని వెళ్ళింది. సున్నుండ చేతిలోనే పొడైపోయింది.

ఆ వెంటనే నేను చదువుకున్న చోట నాకు పాఠం చెప్పిన గురువుగారికి ఫోన్ చేశాను. ఇప్పుడాయన బాగా పెద్దవారు. అంతా విని, రక్తం ఎక్కిన తేదీ అడిగారు. "రాకపోవచ్చు," అన్నారు చివరికి. "వస్తే?" అన్నాను. "నీకు తెలుసు కదా," అన్నారు. అవును, నాకు తెలుసు. తెలియనిదల్లా వస్తుందా రాదా అన్నదొక్కటే. ఎక్కిన రక్తాన్ని వెనక్కి తీసే దారి లేదు.

ఆపరేషన్ తర్వాత చూడాల్సిన పరీక్షలని చెప్పి రోజు విడిచి రోజు మాస్టారి రక్తం రేపల్లెలో తీయించాను. ఇంత అనుభవం ఉన్నదాన్ని, ఐసు డబ్బా మూత తీయడానికి కూడా చెయ్యి వచ్చేది కాదు. ఆయన ట్యూబు ముందుగా తీసి, ఎవరికీ ఇవ్వకుండా నేనే స్లైడు మీద పరిచి, నేనే చూసేదాన్ని. మొదటిసారి బాగుంది. రెండోసారీ బాగుంది. తెల్లకణాలు నిండుగా, ఏ లోపమూ లేకుండా ఉన్నాయి. అవి ఎవరివి? మాస్టారివా, కూతురివా? మైక్రోస్కోపులో రెండూ ఒకటే. ఎంతసేపు చూసినా చెప్పలేను. చూసి చూసి కళ్ళు నీళ్ళు కారేవి. మా టెక్నీషియన్లు నన్ను చూసి గుసగుసలాడుకునేవారు, ఎవరి మీదా అరవడం లేదని.

మాస్టారు ఫోన్ చేశారు. "డాక్టరమ్మా, రోజూ ఈ రక్తం తీయడమేంటి? నేనేమన్నా రేపల్లె కాలువననుకున్నారా, తోడేస్తున్నారు! స్టాండు పట్టుకుని వీధి చివరిదాకా నడిచొస్తున్నాను. మా అమ్మాయి రక్తం పనిచేస్తోంది." నేను నవ్వాను. నవ్వి ఫోన్ పెట్టేసి తలుపు వేసుకున్నాను. ప్రభువా, ఈ ఒక్కసారికి నా చదువు తప్పైపోనీ అని ప్రార్థించాను. స్లైడు చూసే ముందు ప్రార్థన చేసుకోవడం నాకు అలవాటు లేదు.

తర్వాత జ్వరం వచ్చింది.

ఫోను పెద్దమ్మాయిదే. "కొంచెం వెచ్చగా ఉందండి, అంతే. ఒంటి మీద దద్దుర్లొచ్చాయి. ఇక్కడ డాక్టరుగారు మందులు పడలేదన్నారండి. అమ్మేమో వేడి చేసిందని కొబ్బరినూనె రాస్తోంది." నేను చేతిలో పని వదిలేసి రేపల్లె రైలెక్కాను. కిటికీ బయట వరిచేలు పచ్చగా, నీళ్ళతో నిండుగా ఉన్నాయి. ఎవరికీ ఏమీ తెలియనట్టు పొలాల్లో కలుపు తీస్తున్నారు. నాకెందుకో వాళ్ళ మీద కోపం వచ్చింది.

మాస్టారు మంచం మీద దిండ్లకి ఆనుకుని కూర్చున్నారు. నన్ను చూడగానే లేవబోయారు. "ఒత్తు సరిచేశారు, అందుకని ఇంటికి రానిస్తున్నాను," అన్నారు. గొంతులో జీవం లేదు. చెవుల వెనక చూశాను. అరచేతులు తిప్పి చూశాను. ఎర్రగా, గోరింట పండినట్టున్నాయి. వేలితో నొక్కాను. పొద్దుటినుంచీ విరేచనాలవుతున్నాయని వాళ్ళావిడ పక్కనుంచి చెప్తోంది. గోడ మీద వాళ్ళ పెళ్ళి ఫోటో ఉంది. ఆ ఇద్దరూ భార్యాభర్తల్లా లేరు, అన్నాచెల్లెళ్ళలా ఉన్నారు. నాకింక ఏ పరీక్షా అక్కర్లేదు.

"తెనాలి తీసుకెళ్దాం," అన్నాను.

తెనాలిలో ఆ నర్సింగ్ హోములోనే చేర్చాక నడుం ఎముకలోంచి మూలుగ తీసి చూశాను. నేనే తీశాను, వేరేవాళ్ళని తీయనివ్వలేదు. ఏళ్ళ తరబడి చూస్తున్న చోటది, కిటకిటలాడుతూ కణాలుండాల్సిన చోట. ఖాళీ. కోత అయిపోయిన మడిలా అక్కడక్కడ నాలుగు కొయ్యలు మిగిలాయి. ఆ స్లైడునీ, దానం నాడు పరీక్షకి తీసి దాచిన కూతురి రక్తాన్నీ, మాస్టారి రక్తాన్నీ హైదరాబాదు పంపించాను. అక్కడివాళ్ళు నేననుకున్నదే నిజమని ఫోన్లో చెప్పి, మెత్తగా, "ఇక్కడికి తీసుకురావడం వల్ల ఉపయోగం లేదు మేడం, ఆయన్ని ఇబ్బంది పెట్టడమే," అన్నారు. తెలిసిన మందులన్నీ వాడాం. ఒళ్ళంతా ఎర్రబడి చర్మం పొరలుగా లేచింది. చిగుళ్ళలోంచి రక్తం మొదలైంది.

ఇంట్లోవాళ్ళకి మాత్రం సగమే చెప్పాను. రక్తం తయారవడం ఆగిపోయిందన్నాను. ఎందుకని అడిగితే, "ఒక్కోసారి అలా అవుతుంది," అన్నాను. ఆ అమ్మాయి జీవితాంతం మోయాల్సిన మాట అది. నేనెందుకు చెప్పాలి? తండ్రి పోతాడు, పెద్దవయసు, తుంటి విరిగింది, ఏదో కాంప్లికేషన్ అనుకుంటుంది, ఏడుస్తుంది, బతుకుతుంది. అలాగే పోనీ అనుకున్నాను.

ప్లేట్‌లెట్లు కావాలని వార్డులో రాశారు. ఆ మధ్యాహ్నం నేను పైన బ్లడ్ బ్యాంకుకి వెళ్ళేసరికి దానం చేసే మంచం మీద పెద్దమ్మాయి పడుకుని ఉంది. చీర కొంగు సర్దుకుని, చెయ్యి చాపి, పిడికిలి బిగించి. మా టెక్నీషియన్ ఏం చెయ్యాలో తెలియక నిలబడింది.

"లే," అన్నాను.

"నాదే తీసుకోండి మేడంగారూ. నాది సరిపోయిందిగా. నాది ఎక్కాకే కదండీ లేచి నడిచాడు!"

"మొన్ననే ఇచ్చావు. ఇంకా టైం కాలేదు. లే తల్లీ."

నమ్మింది. లేచి కూర్చుంది. నా ప్రాణం కుదుటపడింది. చెప్పులు వేసుకుంటూ ఆవిడ అంది, "అయితే పర్లేదండి, చెల్లి వస్తోంది. బాపట్లలో బండెక్కేసింది. దానిదీ నాన్న గ్రూపేనండి. వాళ్ళ చంటిదాన్ని కూడా వదిలేసి వస్తోంది. కింద మీవాళ్ళకి చర్చి నుంచి వచ్చానని చెప్పమన్నానండి, ఎందుకైనా మంచిదని."

ఇంక నా వల్ల కాలేదు. టెక్నీషియన్‌ని బయటికి పొమ్మన్నాను. తలుపు వేశాను. "ఎన్నిసార్లు చెప్తే ఎక్కుతుందే మీ బుర్రలకి!" అని అరిచాను. నా గొంతుకి నాకే భయమేసింది. ఆవిడ బిత్తరపోయి చూసింది. ఇప్పుడు చెప్పకపోతే రేపు తల్లికి ఇస్తుంది, ఎల్లుండి కొడుక్కిస్తుంది, ప్రేమ ఉన్నంతకాలం ఇస్తూనే ఉంటుంది. పక్కన కూర్చున్నాను. చెయ్యి పట్టుకున్నాను. చెప్పాను.

మొదట ఆవిడకి అర్థం కాలేదు. "నా రక్తంలో ఏమన్నా జబ్బుందాండి?" అంది.

"లేదమ్మా. నీ రక్తానికి ఏ వంకా లేదు."

"మరి?"

"మీ నాన్నదానికి మరీ దగ్గరగా ఉంది. ఆయన ఒళ్ళు దాన్ని తనదే అనుకుంది. ఇప్పుడు ఆయన్ని తినేస్తున్నది ఆ రక్తంలోవే."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. తన మోచేతి మడతలో మొన్నటి సూది గుచ్చిన చోటు చూసుకుంటూ కూర్చుంది. తర్వాత, "వేరేవాళ్ళది ఎక్కించి ఉంటే?" అంది. నేను ఆవిడ చెయ్యి వదల్లేదు. ఆవిడకి అర్థమైంది. అప్పుడు సంచీలోంచి ఫోన్ తీసి చెల్లికి చేసింది. "ఇవ్వక్కర్లేదే, దొరికింది. ఊరికే చూడ్డానికి రా," అంది. ఫోన్ పెట్టేసి నా కాళ్ళ మీద పడబోయింది. "నాన్నకి చెప్పకండి మేడం. మా అమ్మకి చెప్పకండి. ఎవరికీ చెప్పకండి. మీ పాదాలు పట్టుకుంటాను." చెప్పనన్నాను. ఇద్దరం కలిసే కిందికి దిగి నర్సింగ్ హోముకి వెళ్ళాం.

వార్డులో మాస్టారికి అప్పుడు మెలకువగానే ఉంది. పెదాలు పగిలి రక్తం గడ్డకట్టింది. పక్క మంచం మనిషికి కళ్ళతోనే కూతుర్ని చూపించి, "మా అమ్మాయి. నాకు రక్తమిచ్చింది," అన్నారు. ఎన్నోసారి చెప్తున్నారో, ఆ పక్కమంచం ఆయన ఓపిగ్గా తలూపాడు. తర్వాత నా వైపు తిరిగి, "డాక్టరమ్మా, ఇంకొక్కసారి దానిదే ఎక్కించండి. లేస్తాను," అన్నారు. ఆవిడ నా మొహంలోకి చూసింది. "చూద్దాం మాస్టారూ," అన్నాను. ఆయన సంతృప్తిగా కళ్ళు మూసుకున్నారు. మళ్ళీ నాతో మాట్లాడలేదు. మూడోనాటికి పోయారు.

రేపల్లెలో చర్చి నిండిపోయింది. ఆయన దగ్గర అక్షరాలు దిద్దినవాళ్ళు తలలు నెరిసిపోయి వచ్చారు. నేను వెనక బల్ల మీద, తలుపు పక్కన కూర్చున్నాను. పాస్టరుగారు మాస్టారి గురించి చాలా బాగా మాట్లాడారు. ఆయన చదువు గురించి, పరాచికాల గురించి, తెలుగు తప్పులు పట్టడం గురించి. జనం ఏడుస్తూనే నవ్వారు. అప్పుడాయన ముందు వరస వైపు చెయ్యి చాపారు.

"పిల్లల్ని ఎలా పెంచాలో మాస్టార్ని చూసి నేర్చుకోవాలి. ఈ కాలంలో కన్నతండ్రికి కాఫీ ఇవ్వడానికి తీరికలేని బిడ్డలున్నారు. ఈ బిడ్డ తన ఒంట్లో రక్తం ఇచ్చుకుంది. ఆయన ఇంకో నాలుగు రోజులు మన మధ్య ఉన్నారంటే అది ఈ బిడ్డ పెట్టిన భిక్ష. లేమ్మా. ఒక్కసారి లేచి నిలబడు, సంఘమంతా చూడాలి."

ఆవిడ కదల్లేదు. పక్కన కూర్చున్న తల్లి భుజం తట్టి, "లేవే అమ్మా, అయ్యగారు పిలుస్తున్నారు," అంది. ఆవిడ లేచింది. బల్ల అంచు రెండు చేతులతో పట్టుకుని అందరి వైపూ తిరిగింది. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళొత్తుకున్నారు. ఎవరో హల్లెలూయా అన్నారు. వెనక వరసల్లో ఉన్నవాళ్ళు చూడ్డానికి లేచి నిలబడ్డారు. పాస్టరుగారు కూర్చోమనే మాట మరిచిపోయి బైబిలు వాక్యంలోకి వెళ్ళిపోయారు. ఆవిడ అలాగే నిలబడి ఉంది.